విండోస్ 11కి ముందు సీ డ్రైవ్ ఖాళీ చేయడం – మూడో పాఠం: చేత్తో తీయకూడనివి

పోయిన పాఠంలో సీ డ్రైవ్‌లో ఏ ఫోల్డర్ ఎంత జాగా తీసుకుంటోందో కొలవడం చూశాం. చెప్పింది కొలవడం వరకే. చాలామంది ఆ ఊపులోనే డిలీట్ చేయడం కూడా మొదలుపెట్టారు. వచ్చిన సందేహాలన్నీ దాని గురించే కాబట్టి ముందు వాటి సంగతి చూద్దాం.

అన్నిటికంటే అర్జెంటు: వన్‌డ్రైవ్ (ఫైళ్లని ఇంటర్నెట్‌లో, అంటే క్లౌడ్‌లో, దాచే మైక్రోసాఫ్ట్ సేవ) ఫోల్డర్‌లోంచి ఫొటోలు తీసేసినవాళ్లు. అక్కడ తీసేస్తే మీ కంప్యూటర్‌లోనే కాదు, క్లౌడ్‌లో కూడా పోతాయి. ఈ పాఠం ఇక్కడ ఆపి, బ్రౌజర్‌లో వన్‌డ్రైవ్ తెరిచి, అక్కడి రీసైకిల్ బిన్ చూడండి. సొంత అకౌంట్ అయితే 30 రోజులు అందులో ఉంటాయి. వెనక్కి తెచ్చుకున్నాక, జాగా కావాలంటే ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'ఫ్రీ అప్ స్పేస్' నొక్కండి. ఫైలు క్లౌడ్‌లో భద్రంగా ఉంటుంది, మీ దగ్గర పేరు మాత్రం మిగులుతుంది. తెరిచినప్పుడు మళ్లీ దిగుతుంది.

డిలీట్ చేసినా ఖాళీ పెరగలేదన్నవాళ్లు రీసైకిల్ బిన్ ఖాళీ చేయండి. అదీ సీ డ్రైవ్‌లోనే ఉంటుంది.

'64 జీబీ ఖాళీ ఎక్కడినుంచి తేవాలి' అని కంగారుపడినవాళ్లకి: విండోస్ 11కి అడిగే 64 జీబీ డ్రైవ్ మొత్తం సైజు, ఖాళీ కాదు. ఖాళీ విషయంలో నేను పెట్టుకునే లెక్క 30 జీబీ. అంతకంటే తక్కువతోనూ అవ్వచ్చు కానీ, సగంలో 80070070 అనే ఎర్రర్ వచ్చి ఆగిపోతే పడే టెన్షన్ కంటే ముందే సర్దుకోవడం మేలు. ఆ నంబరుకి అర్థం జాగా చాలలేదనే.

ఇక అసలు గొడవ. విండోస్ ఫోల్డర్ లోపల విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అనే ఫోల్డర్ మీ అందరి కొలతల్లోనూ పైనే కనిపించి ఉంటుంది. దాని ఓనర్‌షిప్ (ఫైళ్ల మీద హక్కు) తమ పేరు మీదకి మార్చి మరీ ఫైళ్లు తీసేయవచ్చని నేర్పేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. కారణం అర్థమైతే మళ్లీ చేయాలనిపించదు, అందుకే వివరంగా చెబుతాను.

డిస్క్ మీద ఒకే ఫైలుకి రెండు మూడు పేర్లు ఉండొచ్చు. వీటిని హార్డ్ లింకులంటారు. విండోస్ ఫోల్డర్‌లోనే ఉండే సిస్టమ్32 అనే ఫోల్డర్‌లో కనిపించే విండోస్ ఫైళ్లలో చాలా వాటికి ఇంకో పేరు విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌లో ఉంటుంది. ఉన్నది ఒక్క ఫైలే, తీసుకునే జాగా ఒక్కసారిదే. ఫోల్డర్ సైజు కొలిచే మామూలు పద్ధతి మాత్రం ప్రతి పేరునీ విడిగా కూడుతుంది. ఒక మనిషిని అసలు పేరుతో ఒకసారి, ముద్దుపేరుతో ఒకసారి లెక్కపెట్టి ఇంట్లో ఇద్దరున్నారన్నట్టు. కాబట్టి అక్కడ కనిపించే అంకె నిజంగా పట్టిన జాగా కాదు. రెండు పేర్లలో ఒకటి తీసేసినా డేటా అక్కడే ఉంటుంది, ఖాళీ ఒక్క బైటు కూడా పెరగదు. కానీ అప్‌డేట్ వచ్చినప్పుడు విండోస్ వెతికేది విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌లో ఉన్న పేరు కోసమే. అది లేకపోతే అప్‌డేట్ ఫెయిలవుతుంది, రిపేరూ కష్టమవుతుంది. అంటే జాగా రాలేదు, ఏ అప్‌గ్రేడ్ కోసం ఇదంతా మొదలుపెట్టామో దానికే అడ్డం పడింది.

విండోస్ లోపలి ఇన్‌స్టాలర్ ఫోల్డర్ కథ వేరు. దాన్ని తీస్తే జాగా నిజంగానే వస్తుంది. కానీ తర్వాత ఏదైనా ప్రోగ్రామ్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేయబోతే కావలసిన ఫైలు దొరకదు, ఆ ప్రోగ్రామ్ పోదు, అప్‌డేటూ అవదు. దాన్నీ ముట్టుకోవద్దు.

విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్‌లో నిజంగా పనికిరానివి కొన్ని ఉంటాయి: పాత అప్‌డేట్ల తాలూకు మిగులు. వాటిని విండోస్ చేతే తీయించాలి. స్టార్ట్ మెనూలో 'డిస్క్ క్లీనప్' అని వెతికి తెరవండి, సీ డ్రైవ్ ఎంచుకుని 'క్లీన్ అప్ సిస్టమ్ ఫైల్స్' నొక్కండి. జాబితాలో 'విండోస్ అప్‌డేట్ క్లీనప్' ఉంటే టిక్ పెట్టండి. కొన్ని విండోస్ 10 వెర్షన్లలో అదే జాబితాలో 'డౌన్‌లోడ్స్' కూడా ఉంటుంది. అది మీ సొంత డౌన్‌లోడ్స్ ఫోల్డరే, దాని పక్కన టిక్ లేకుండా చూసుకోండి. పని చాలాసేపు పట్టొచ్చు, మధ్యలో ఆపకండి. రీస్టార్ట్ చేశాక కొలవండి.

ఎప్పుడో చేసిన పాత అప్‌గ్రేడ్ నుంచి 'విండోస్ డాట్ ఓల్డ్' (అంతకుముందున్న విండోస్‌ని దాచి ఉంచే ఫోల్డర్) మిగిలి ఉంటే దాన్నీ ఇక్కడే తీసేయొచ్చు. కొత్త అప్‌గ్రేడ్ అయ్యాక మళ్లీ పుట్టేదాన్ని మాత్రం తొందరపడి తీయకండి. 10 రోజుల్లోపు పాత విండోస్‌కి వెనక్కి వెళ్లాలంటే అదే ఆధారం.

నాకు బాగా నచ్చిన దారి హైబర్నేషన్ (తెరిచి ఉన్న పనంతా డిస్క్‌లో దాచి కంప్యూటర్ ఆపే పద్ధతి) ఆపడం. దాని ఫైలు ర్యామ్ సైజుని బట్టి కొన్ని జీబీలు పట్టి కూర్చుంటుంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి 'powercfg /h off' అని టైప్ చేసి ఎంటర్ నొక్కితే ఆ జాగా వెంటనే తిరిగొస్తుంది. ఫాస్ట్ స్టార్టప్ (కంప్యూటర్ త్వరగా ఆన్ అయ్యే సౌకర్యం) కూడా ఆగుతుంది, అప్‌గ్రేడ్ అయ్యేదాకా దానితో పనిలేదు. అయ్యాక అదే కమాండ్‌లో off బదులు on అని ఇస్తే అంతా మామూలే.

ఇన్ని చేసినా చాలకపోతే, జాగా తక్కువని చెప్పే తెర దగ్గరే సెటప్ బయటి యూఎస్‌బీ డ్రైవ్ వాడుకోమని అడుగుతుంది. అందులో కనీసం 10 జీబీ ఖాళీ ఉండాలి, పని పూర్తయ్యేదాకా దాన్ని పీకకూడదు.

ఈసారి అభ్యాసం కాస్త గట్టిదే. మీ ఫొటోలు, డాక్యుమెంట్లు, వీడియోల్లో ఒక్కటి కూడా తీయకుండా, వేరే డ్రైవ్‌కి మార్చకుండా 10 జీబీ ఖాళీ చేయండి. ప్రతి పనికి ముందూ తర్వాతా సీ డ్రైవ్ ప్రాపర్టీస్‌లో ఫ్రీ స్పేస్ ఎంతుందో రాసుకోండి, జీబీల్లో కాదు, దాని పక్కనే ఉండే బైట్ల అంకెలో. ఏ పని ఎంత ఇచ్చిందో విడిగా చూపించే పట్టిక తయారవ్వాలి. ఏదైనా పని అసలేమీ ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో పక్కన ఒక వాక్యం రాయండి. నాలుగో పాఠం ఆ పట్టికతోనే మొదలవుతుంది.