అత్తమామలతో మారియో కార్ట్ ఆడించాలంటే

ముందే చెప్తున్నా, పెద్దవాళ్లకి నేర్పే పని పిల్లలకి మాత్రం అప్పజెప్పకండి. "అలా కాదు నానమ్మా, ఇటివ్వు" అంటూ రెండో నిమిషంలోనే చేతిలోది లాగేసుకుంటారు. మీరే పక్కన కూర్చోండి.

మేముండేది టెక్సస్‌లో, ఫ్రిస్కోలో. ఎండాకాలంలో ఇండియా నుంచి పెద్దవాళ్లు వస్తే మధ్యాహ్నాలు బయట అడుగు పెట్టలేరు, కారు లేకుండా ఎటూ వెళ్లలేరు. సీరియళ్లు ఎంతసేపని చూస్తారు? మా ఇంట్లో ఆ పొద్దు పోయేది నింటెండో స్విచ్ అనే గేమ్ మెషీన్‌లో మారియో కార్ట్ 8 డీలక్స్ అనే బండ్ల రేసు ఆడుతూ. 2017లో వచ్చిన ఆటే, కానీ తాతా మనవడూ ఒకే సోఫాలో కూర్చుని పోటీ పడగలిగేది ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు.

స్విచ్‌తో పాటు వచ్చే జాయ్‌కాన్ జత (చేత్తో పట్టుకుని ఆడే రెండు చిన్న కంట్రోలర్లు) ఇద్దరికి సరిపోతుంది, ఒక్కొక్కరు ఒక్కోటి అడ్డంగా పట్టుకోవాలి. దాని అంచున ఉండే ఎస్‌ఎల్, ఎస్‌ఆర్ బటన్లు మరీ చిన్నవి, కీళ్లనొప్పులున్న వేళ్లకి అందవు. పెట్టెలో ఇచ్చిన మణికట్టు తాడు పట్టీలు పారెయ్యకుండా తగిలించండి, వాటితో ఆ బటన్లు పెద్దవవుతాయి. టీవీని గేమ్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే నొక్కినదానికీ తెర మీద జరిగేదానికీ మధ్య తేడా వచ్చి "ఇది పనిచెయ్యట్లేదే" అంటారు.

అసలు కిటుకు బండి ఎంచుకునే తెర మీద ఉంది. అక్కడ + నొక్కితే చిన్న మెనూలో మూడు సౌకర్యాలు కనిపిస్తాయి. ఒకటి బండి రోడ్డు దాటి పడిపోకుండా చూస్తుంది. ఇంకోటి యాక్సిలరేటర్ దానంతటదే నొక్కి ఉంచుతుంది. మూడోది జాయ్‌కాన్‌ని వంచితే బండి తిరిగేలా చేస్తుంది. ఎవరికి ఏది కావాలో విడివిడిగా పెట్టుకోవచ్చు, కాబట్టి పిల్లల ఆట ఏమీ పాడవదు. అత్తయ్యగారికి మూడూ పెట్టేశాను. ఆవిడ చేయాల్సిందల్లా చేతులు అటూ ఇటూ వంచడమూ, ఏదైనా దొరికితే విసరడమూ.

మామయ్యగారి సంగతి వేరు. ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. కాసేపు నడిపి, "అమ్మాయ్, ఇది నేను తోలట్లేదు, దాని పాటికి అదే పోతోంది" అన్నారు. కార్ట్ వెనక చిన్న యాంటెన్నా ఉంటే, బండి పడిపోకుండా చూసే ఆ తోడు పనిచేస్తున్నట్టు లెక్క. ఎవరైనా ఇలా అన్నారంటే దాన్ని తీసేసే టైమొచ్చిందన్నమాట, యాక్సిలరేటర్ తోడు మాత్రం ఇంకొన్నాళ్లు ఉంచండి. జాయ్‌కాన్‌ని ఇరికించుకునే ప్లాస్టిక్ స్టీరింగ్ ఒకటి దొరుకుతుంది, అది కొనిచ్చాక ఆయన్ని ఆపడం మా తరం కాలేదు.

కాకపోతే మలుపు రాగానే బ్రేకు వేస్తారు. "బ్రేకు వద్దు తాతా!" అని మావాడు అరుస్తాడు. "మలుపులో బ్రేకు కొట్టకుండా ఎట్లా తిప్పుతార్రా?" ఇలా తిప్పాలి: మలుపుకి కాస్త ముందే ఎస్‌ఆర్ నొక్కితే బండి చిన్నగా ఎగురుతుంది. వదలకుండా నొక్కి పట్టి మలుపు వైపు తిప్పండి. బండి పక్కకి జారుతూ చక్రాల కింద ముందు నీలం నిప్పురవ్వలు, తర్వాత నారింజ రంగువి, ఇంకా పట్టుంటే ఊదారంగువి వస్తాయి. అప్పుడు వదిలితే బండి బాణంలా దూసుకుపోతుంది. రంగు మారేకొద్దీ ఊపు ఎక్కువ. పడిపోకుండా చూసే తోడు ఉన్నంతకాలం ఊదారంగు రాదు. ఆ ముక్క చెప్పాకే మామయ్యగారు ఆ తోడుని పూర్తిగా మర్చిపోయారు.

రేసు మొదలయ్యేటప్పుడు 3, 2, 1 పడతాయి కదా, 2 కనిపించగానే యాక్సిలరేటర్ నొక్కి పట్టుకుంటే ఎగిరి బయలుదేరతారు. 3కే నొక్కితే చక్రాలు అక్కడే గిర్రున తిరుగుతాయి. దారిలో నాణేలు ఏరుకోమనండి, పది వరకూ ఒక్కోదానికీ వేగం కొంచెం పెరుగుతుంది.

ఇక ట్రాకు మీద కనిపించే పెట్టెలు. వాటిని గుద్దితే ఆయుధాలొస్తాయి. ముందున్నవాళ్లకి అరటితొక్కా నాణెమూ దక్కితే, బాగా వెనకబడ్డవాళ్లకి నక్షత్రమో, పిడుగో, దానంతటదే దూసుకెళ్లే బుల్లెట్ బిల్లో వస్తుంది. పదకొండో స్థానంలో ఉన్న అత్తయ్యగారికి పిడుగు దొరికితే అందరి బండ్లూ చీమలంత అయిపోతాయి, మావాడి మొహం చూడాలి. ఇది అన్యాయమని ఆటలో ఆరితేరినవాళ్లు గొణుగుతారు. నన్నడిగితే ఇదే లేకపోతే పెద్దవాళ్లు రెండో రోజే లేచి వెళ్లిపోతారు. ముందున్నవాళ్లకీ ఒక ఉపాయం ఉంది: అరటితొక్కని వెంటనే విసరకుండా ఎస్‌ఎల్ నొక్కి పట్టుకుంటే అది బండి వెనకే వేలాడుతూ, వెనకవాళ్లు విసిరితే తరుముకొచ్చే ఎర్ర తాబేటి చిప్పని అడ్డుకుంటుంది.

వేగం 50 సీసీతో మొదలుపెట్టండి. 200 సీసీ జోలికి అసలు పోవద్దు, కళ్లు తిరుగుతాయి. ట్రాకుల్లో ముందు మారియో కార్ట్ స్టేడియం, తర్వాత ఆవులు రోడ్డుకి అడ్డొచ్చే మూమూ మెడోస్. మనవాళ్లకి అలవాటైన రోడ్డే అది. బేబీ పార్క్‌ని ఇంటిల్లిపాదీ ఉన్నప్పటికి దాచుకోండి: బుల్లి ట్రాకు, ఏడు రౌండ్లు, ఎవరు ముందో ఎవరు వెనకో తెలియని గోల. రెయిన్‌బో రోడ్‌కి చాలాచోట్ల అంచుల్లో గోడలుండవు, అది పిల్లలకే వదిలెయ్యండి.

నలుగురు ఆడితే తెర నాలుగు ముక్కలవుతుంది, కళ్లద్దాలవాళ్లకి కష్టం. మేం ఇద్దరిద్దరుగా ఆడి వంతులు మార్చుకుంటాం. లేదా ఆటలోనే ఉండే వీఎస్ రేస్ అనే పద్ధతిలో జట్లు పెట్టి తాతనీ మనవణ్ణీ ఒకే జట్టులో వేస్తే పోట్లాటలు సగానికి తగ్గుతాయి.

2025 జూన్‌లో స్విచ్ 2తో పాటు మారియో కార్ట్ వరల్డ్ వచ్చింది, అందులో ఒకేసారి 24 మంది పరుగెడతారు. పెద్దవాళ్లకి మా పాత ఆటలోని 12 మందే ఎక్కువ. కొత్త మెషీన్ కొన్నా ఈ పాత ఆట దాంట్లో ఆడుతుంది కాబట్టి కార్డు అమ్మెయ్యకండి.