మన కోర్టు కాయితం మనమే చదువుకుందాం – 4వ పాఠం: జడ్జి మీద అభ్యంతరం, తీర్పు మీద అప్పీలు

పోయిన పాఠంలో విడాకుల ఓపీ (కోర్టుల వేసే అసలు పిటిషన్), దానికి కౌంటరు (అవతలోళ్ల జవాబు) ఎట్ల చదవాలో చూసినం. ఇయ్యాల కొంచెం సున్నితమైన సంగతి. నల్లగొండల గానీ పాలమూరుల గానీ కోర్టు బయట చాయ్ తాగుకుంట నిలబడితే ‘జడ్జి అవతలోళ్ల దిక్కే ఉన్నడు’ అనే మాట తప్పకుండ చెవిన పడ్తది. ఆ మాట అన్న మనిషిని ముందుగాల అడగాల్సింది ఒక్కటే: ఆయనకు అవతలోళ్లతో సంబంధం ఉన్నదా, లేక ఆయన ఇచ్చిన ఆర్డరు మీకు నచ్చలేదా? సంబంధం ఉంటే కేసును వేరే కోర్టుకు మార్చమని అడగాలి. ఆర్డరు నచ్చకపోతే పైకోర్టుకు పోవాలి. ఈ రెండూ కలిపి ఒకే కాయితంలో రాస్తే రెండూ చెడ్తయి.

దేవరకొండ దిక్కు ఒకామె కేసు ఉన్నదనుకుందాం. జడ్జి మధ్యంతర మనోవర్తి (కేసు నడిచేటప్పుడు భర్త ఇయ్యాల్సిన బతుకుదెరువు ఖర్చు) తక్కువ ఇచ్చిండు. పేషీల ‘ఎన్నిసార్లు వాయిదా అడుగుతవమ్మా’ అని విసుక్కున్నడు. అదే జడ్జి వకీలుగ ఉన్నప్పుడు ఆమె భర్త తరఫున భూమి కేసు వాదించిండని తర్వాత తెలిసింది. ఈ మూడింట్ల అభ్యంతరానికి పనికొచ్చేది చివరిదొక్కటే. మనోవర్తి సంగతి హైకోర్టుల తేల్చుకోవాలె. విసుగంటరా, రోజుకు అన్ని కేసులు చూసే ఏ జడ్జికైనా వస్తది.

జడ్జి మనసుల నిజంగ పక్షపాతం ఉన్నదని రుజువు చెయ్యాల్సిన పని లేదు. కక్షిదారు జాగల నిలబడి చూస్తే న్యాయమైన అనుమానం వస్తదా అన్నదే కొలత అని 1987ల రంజిత్ ఠాకూర్ కేసుల సుప్రీంకోర్టు చెప్పింది. అయితే తెలిసినంక నోరు మూసుకొని కూసోవద్దు. 1957 నాటి మానక్ లాల్ కేసుల ఒక వకీలు మీద విచారణ జరిపిన ట్రిబ్యునల్ చైర్మన్, అంతకు ముందు ఫిర్యాదుదారు తరఫున వాదించినాయనే. ఆయన ఆ కుర్చీల కూసోకుండ ఉండాల్సిందని సుప్రీంకోర్టు ఒప్పుకున్నది. అయినా విచారణ ఎదుర్కున్న ఆ వకీలు మానక్ లాల్ ఓడిపోయిండు. ఆ అభ్యంతరాన్ని విచారణల ఎత్తకుండ, ఫలితం ఎదురొచ్చినంక ఎత్తిండు కాబట్టి.

ఇగ రాత పని. ‘జడ్జిగారు మా భర్తకు అమ్ముడుపోయిండ్రు’ అని అఫిడవిట్ల (ప్రమాణం చేసి ఇచ్చే కాయితంల) రాయకండి. రుజువు లేని ఆ మాట కోర్టు ధిక్కారం దాకా పోతది. ఇట్ల రాయండి: ‘ఫలానా నంబరు భూమి దావాల ఈ జడ్జిగారు ప్రతివాది తరఫున వకాలత్ వేసినరు. ఈ సంగతి నాకు ఫలానా తారీఖున, ఆ దావా నకలు చూసినప్పుడు తెలిసింది.’ నంబరు, తారీఖు, ఎట్ల తెలిసింది. విశేషణాలు వద్దు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 24వ సెక్షన్ కింద బదిలీ పిటిషన్ వేస్తరు. ఫ్యామిలీ కోర్టు కేసైతే హైకోర్టుల వెయ్యటం మేలు. దూరం, చిన్న పిల్లలు వంటి కారణాలకు కూడ ఇదే సెక్షన్.

అప్పీలు లెక్క. ఫ్యామిలీ కోర్టు తీర్పు మీద హైకోర్టుల ఇద్దరు జడ్జిల బెంచి ముందుకు పోవాలె. ఫ్యామిలీ కోర్టుల చట్టం 19వ సెక్షన్ 30 రోజులు ఇస్తది, హిందూ వివాహ చట్టం 28వ సెక్షన్ 90 ఇస్తది. మీరు మాత్రం 30నే పట్టుకోండి. రెండింట్ల ఏది నడుస్తదన్న వాదులాట వకీళ్లకు వదిలెయ్యండి. తీర్పు నకలు కోసం పట్టిన దినాలు లెక్కల తీసేస్తరు, ఇది 1989ల సుప్రీంకోర్టు ఖాయం చేసింది. మార్చి 3న తీర్పు వస్తే 30 రోజులు ఏప్రిల్ 2తో అయిపోతయి. నకలుకు మార్చి 10న అర్జీ పెట్టి, 19న చేతికొస్తే మధ్యల 10 దినాలు కలుస్తయి: గడువు ఏప్రిల్ 12. ఇద్దరూ ఒప్పుకొని తీసుకున్న విడాకుల మీద 19వ సెక్షన్ కింద అప్పీలు లేదు.

ఖర్చుకు భయపడే ఆడవాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు పోండి; ఆదాయంతో పని లేకుండ వకీలును ఉచితంగ పెడ్తరు.

ఇంటి పని: ఆగస్టు 8న తీర్పు, 20న నకలుకు అర్జీ, సెప్టెంబర్ 1న నకలు చేతికి. ఆఖరి తారీఖు ఎప్పుడు? జవాబు వచ్చే పాఠంల, స్టే పిటిషన్ (తీర్పు అమలు ఆపమని అడిగే కాయితం) సంగతితో పాటు.