రాత్రి కయోటీ వేటకు తక్కువ ధరలో థర్మల్ స్కోప్ ఎంచుకోవడం ఎలా?

టెక్సస్‌లో మేకలు పెంచే మిత్రుడి ర్యాంచ్‌లో నేను చలికాలం రాత్రిళ్లు కయోటీల (నక్కను పోలిన అమెరికా అడవి జంతువులు) కోసం కాపు కాస్తుంటాను, వేడిని బొమ్మగా చూపే థర్మల్ స్కోప్‌తో. కొత్తగా వచ్చే మనవాళ్లు పెట్టె విప్పుతూనే "ఇది 1,200 గజాల దాకా చూస్తుందట" అంటారు. ఆ అంకె చూసి కొన్నవాళ్లే, 150 గజాల్లో నిలబడ్డది కుక్కో కయోటీయో తేల్చుకోలేక అవస్థ పడుతుంటారు.

1. ముందు కాగితాలు

టెక్సస్‌లో కయోటీకి ఏడాదంతా సీజనే. యజమాని అనుమతి ఉంటే ప్రైవేటు భూమిలో రాత్రి వేటాడవచ్చు. వేరే రాష్ట్రమైతే అక్కడి రూల్స్ చూసుకోండి. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటేనే మినహాయింపు. అది చేతికొచ్చేదాకా తుపాకీ ముట్టుకోవద్దు. స్కోప్‌ను ఇండియాకు పట్టుకెళ్లే ఆలోచనా వద్దు, ఎగుమతి అనుమతి లేకుండా అది కుదరదు.

2. సెన్సర్

384×288 సెన్సర్ (అడ్డంగా 384, నిలువుగా 288 పిక్సెళ్లు, అంటే చుక్కలు), ఒక్కో పిక్సెల్ 12 మైక్రాన్లు, 50 హెర్ట్జ్ (సెకనుకు 50 సార్లు బొమ్మ మారుతుంది). రెండు వేల డాలర్లు పెట్టగలిగితే ఇవి దొరుకుతాయి. అడ్డంగా 256 పిక్సెళ్లే ఉన్న స్కోప్ తుపాకీ మీదకు వద్దు. 640 బాగుంటుంది కానీ మొదటి ఏడాదే అంత ఖర్చు అక్కర్లేదు. ఎన్ఈటీడీ అనే అంకె (స్కోప్ ఎంత చిన్న వేడి తేడాను పట్టగలదో చెప్పేది) ఎంత తక్కువైతే అంత మంచిది, 25 మిల్లీకెల్విన్ మించకుండా చూడండి. గాలిలో తేమ ఎక్కువున్న రాత్రి దాని విలువ తెలుస్తుంది.

డిజిటల్ నైట్ విజన్ సగం ధరకే వస్తుందని కొందరు అటు వెళతారు. దానికి ఇన్‌ఫ్రారెడ్ లైటు కావాలి. గడ్డిలో పడుకున్న జంతువును అది పట్టడం కష్టం, గడ్డి మరీ దట్టంగా లేకపోతే థర్మల్ పడుతుంది. నా మాట వింటే ఆ డబ్బు దాచుకుని ఇంకో నాలుగు నెలలు ఆగండి.

3. లెన్స్: ఇక్కడే అందరూ పొరబడేది

పెట్టె మీద రాసేది "ఏదో వేడి వస్తువు ఉంది" అని తెలిసే దూరం. ఆ దూరంలో అది తెరమీద ఒకటి రెండు చుక్కలే. ట్రిగ్గర్ నొక్కాలంటే అది ఏమిటో తెలియాలి, దానికి చుక్కలు ఇంకా చాలా కావాలి.

లెక్క మీరే వేసుకోవచ్చు. 12 మైక్రాన్ సెన్సర్‌కు 35 ఎంఎం లెన్స్ ఉంటే 200 గజాల్లో ఒక్కో పిక్సెల్ దాదాపు రెండున్నర అంగుళాలు. కయోటీ భుజం ఎత్తు సుమారు రెండడుగులు, అంటే నిలువునా పది చుక్కలు. అదే 19 ఎంఎం లెన్స్‌తో ఐదే. ఐదు చుక్కలతో చెవులూ తోకా ఎలా తెలుస్తాయి? డిజిటల్ జూమ్ చేస్తే చుక్కలు పెద్దవవుతాయి గానీ పెరగవు.

ఒక ఫిబ్రవరి రాత్రి, మంచు పట్టిన గాలి. నా పక్కనున్న కుర్రాడి దగ్గర 256 సెన్సర్, 19 ఎంఎం లెన్స్ స్కోప్. కంచె దగ్గర నాలుగు కాళ్ల తెల్లటి మచ్చ కనబడగానే "అన్నా, కయోటీ" అన్నాడు. ఆగమన్నాను. నా స్కోప్‌లో దాని ముఖం మెరుస్తోంది, ఒళ్లు మాత్రం మసగ్గా ఉంది. దట్టమైన బొచ్చు వేడిని బయటికి రానివ్వదు. ఇంతలో పక్కకు తిరిగింది, తోక పైకి చుట్టుకుని ఉంది. మేకలకు కాపలా ఉండే గ్రేట్ పైరినీస్ కుక్క! కయోటీ తోక కిందికి వాలి ఉంటుంది. ఆ రాత్రి వాడి చేతులు వణకడం ఇప్పటికీ నా కళ్ల ముందుంది.

అందుకే, బయలు పచ్చిక అయితే 35 ఎంఎం. ఏజీఎం రాట్లర్ టీఎస్35-384 లాంటి స్కోప్‌లకు లెన్స్, సెన్సర్ అంకెలు రెండూ పేరులోనే ఉంటాయి. చెట్లూ పొదలూ ఎక్కువై వంద గజాల లోపే కాల్చే చోటైతే 25 ఎంఎం. వంద గజాల దగ్గర 35 చూపించే వెడల్పు 13 గజాలే, 25 అయితే 18. కొనేముందు తేమగా ఉన్న రాత్రి ఎవరిదైనా అడిగి, తుపాకీకి బిగించకుండా చేత్తో పట్టుకుని చూడండి. షాపు అద్దంలోంచి చూస్తే ఏమీ తెలియదు, థర్మల్‌కు అద్దం గోడతో సమానం.

దేన్ని కాల్చబోతున్నారో తేలినా, దాని వెనక ఏముందో థర్మల్ సరిగ్గా చూపదు. గడ్డితో సమానంగా చల్లబడ్డ కంచె తీగ, కొమ్మ తెరమీద కలిసిపోతాయి. పగటిపూట వెళ్లి ఇళ్లు ఏ దిక్కున ఉన్నాయో, ఎటువైపు కాల్చకూడదో నడిచి చూసుకోండి.

4. వెతకడానికి వేరే మోనాక్యులర్

తుపాకీ మీది స్కోప్‌తో పొలమంతా వెతకొద్దు. అలా వెతికితే తెలియని ప్రతిదానికీ, మనిషికైనా సరే, గొట్టం ఎక్కుపెట్టినట్టే. చేతిలో పట్టుకుని ఒక కంటితో చూసే మోనాక్యులర్‌కు 256 సెన్సర్ చాలు. దాని పని ఉందో లేదో చెప్పడమే.

5. బిగించడం, జీరో చేయడం

మౌంట్ (స్కోప్‌ను తుపాకీకి పట్టి ఉంచే బిగింపు) మంచిది కొనండి, అదనపు బ్యాటరీ చొక్కా లోపలి జేబులో పెట్టుకోండి. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది. అట్టపెట్టె మీద హ్యాండ్ వార్మర్ అంటించి ముందు 50 గజాల్లో, తర్వాత 100లో జీరో చేయండి, అంటే గురిపెట్టిన చోటే గుండు తగిలేలా స్కోప్‌ను సరిచేయండి. స్కోప్ తీసి మళ్లీ బిగించిన ప్రతిసారీ మూడు గుండ్లు కాల్చి చూసుకున్నాకే పొలంలోకి వెళ్లండి.