చేయూత ఎప్పుడు ఇవ్వాలి, ఎలా తగ్గించాలి: ప్రత్యేక అవసరాలు గల పిల్లలకు నేర్పే పద్ధతి

మేధో వైకల్యం, ఆటిజం వంటివి ఉన్న పిల్లలకు నేర్పేటప్పుడు ప్రాంప్టు ఇవ్వడం, అంటే సరైన స్పందన వచ్చేలా చిన్న సాయం అందించడం, ఎవరికైనా తోచే పనే. కష్టమంతా ఆ సాయాన్ని మానుకోవడంలోనే ఉంది. కాబట్టి దేనితో మొదలుపెట్టి ఏ క్రమంలో తగ్గించుకుంటూ రావాలో పాఠానికి ముందే కాగితం మీద రాసిపెట్టుకోవాలి.

ముందుగా పనిని మెట్లుగా విడగొట్టాలి. చొక్కా గుండీ పెట్టుకోవడంలో గుండీని వేళ్ల మధ్య పట్టుకోవడం, రెండో చేత్తో కాజా అంచును పట్టుకోవడం, గుండీని కాజాలోకి దూర్చడం, ఇవతలికి వచ్చిన అంచును పట్టుకుని లాగడం అనే నాలుగు మెట్లు ఉంటాయి. ఇలాంటి పనిని చివరి నుంచి నేర్పడం మేలు. మొదటి మూడు మెట్లూ మీరే చేసి, సగం బయటపడిన గుండీని లాగడం మాత్రం పిల్లవాడికి వదిలితే, పని పూర్తి చేసిన తృప్తి ప్రతిసారీ వాడికే దక్కుతుంది. అది కుదిరాక మూడో మెట్టు కూడా వాడికి అప్పగించాలి.

బొత్తిగా కొత్త పనికి ఎక్కువ సాయంతో మొదలుపెట్టి, చేయి పట్టి చేయించడం, మణికట్టును తాకడం, చేసి చూపడం, వేలితో చూపడం అనే వరుసలో తగ్గించుకుంటూ రావాలి. కొంత వచ్చిన పనికైతే తక్కువ సాయంతో మొదలుపెట్టి, అవసరమైతేనే పెంచాలి. తాకే ముందు చెప్పి తాకాలి. చేయి వెనక్కి తీసుకునే బిడ్డను బలవంతం చేయకూడదు. నోటి మాట తేలికైన సాయంలా కనిపిస్తుంది గాని, మానుకోవడానికి అన్నింటికన్నా మొండిది అదే, ఎందుకంటే పెద్దలకు మాట దానంతటదే వచ్చేస్తుంది.

సాయం తగ్గించడానికి ఆలస్యం చేయడం మంచి సాధనం. మొదటి కొన్ని సార్లు పని చెప్పిన వెంటనే ప్రాంప్టు ఇచ్చి, ఆ తర్వాత 4 లేదా 5 సెకన్లు మౌనంగా ఆగి ఇవ్వాలి. ఆ వ్యవధిలో పిల్లవాడు తనంతట తాను చేస్తే, ప్రాంప్టుతో చేసినప్పటికన్నా ఎక్కువగా మెచ్చుకోవాలి.

లెక్కల వంటి పనులకు సాయం పిల్లవాడి ఆలోచనలోకే చేరాలి. మనస్తత్వవేత్తలు డొనాల్డ్ మైకెన్‌బామ్, జోసెఫ్ గుడ్‌మన్ 1971లో దుడుకు స్వభావం గల పిల్లలపై పరీక్షించిన స్వీయ సూచన పద్ధతి, అంటే ఏం చేయాలో తనకు తానే చెప్పుకుంటూ చేయడం, ఇందుకు పనికొస్తుంది. 27కు 15 కూడేటప్పుడు "ముందు ఒకట్లు. ఏడూ ఐదూ పన్నెండు. రెండు వేసి ఒకటి పైన పెడతాను" అని ఉపాధ్యాయుడు పైకి అంటూ చేయాలి. తర్వాత ఉపాధ్యాయుడు చెబుతుంటే పిల్లవాడు చేస్తాడు, ఆపై తానే పైకి చెప్పుకుంటూ, గుసగుసగా, చివరికి మనసులోనే అనుకుంటూ చేస్తాడు. మాట రాని పిల్లలకు అవే మెట్లను బొమ్మల పట్టీగా ముందుంచవచ్చు.

ప్రతి ప్రయత్నం పక్కన ఏ ప్రాంప్టుతో చేశాడో నమోదు చేయాలి. సాయం తగ్గించాక తప్పులు వరుసగా వస్తుంటే సాయం వరుసలో ఒక్క మెట్టు మాత్రమే వెనక్కి వెళ్లాలి, మొదటికి కాదు.