ఆఫ్రికా లెక్కలు చదువుదాం – 3వ పాఠం: వెయ్యికి 41

పోయిన పాఠం చివర ఒక పని అప్పజెప్పాను. స్టాట్‌కంపైలర్ (డీహెచ్‌ఎస్, అంటే జనాభా ఆరోగ్య సర్వేల అంకెలు వెతుక్కునే వెబ్‌సైట్) తెరిచి, కెన్యాలో ఒక్కో స్త్రీకి సగటున ఎంతమంది పిల్లలు పుడుతున్నారో 1989 సర్వే నుంచి వరసగా రాసుకోమన్నాను. మీ కాగితం మీద ఉండాల్సినవి ఇవి: 6.7, 5.4, 4.7, 4.9, 4.6, 3.9, 3.4. చివరిది 2022 సర్వేది.

మధ్యలో ఒకచోట అంకె వెనక్కి తిరిగింది, చూశారా? 1998లో 4.7 ఉన్నది 2003లో 4.9 అయింది. ఎక్కించడంలో జరిగిన పొరపాటు కాదిది. కుటుంబాలు చిన్నవవడం ఆ నాలుగైదేళ్లు నిజంగానే ఆగిపోయింది. దాంతోపాటు ఇంకోటి కూడా జరిగింది. అంతకుముందు సర్వేలు సోమాలియా, ఇథియోపియా సరిహద్దు వైపున్న ఉత్తర ప్రాంతాలను వదిలేసేవి. 2003లో తొలిసారి ఆ ఊళ్లకూ వెళ్లారు. అక్కడి కుటుంబాలు పెద్దవి. 2022లో కూడా ఉత్తరాన మాండేరా కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఒక్కో స్త్రీకి సగటున 7.7 మంది పిల్లలైతే, రాజధాని నైరోబీలో 2.5 మందే. అంకె పైకి పోయిందో కిందికి వచ్చిందో చూసే ముందు, ఈసారి లెక్కలో కొత్తగా ఎవరు చేరారో చూడాలి. ఇవాళ్టి పాఠమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఇవాళ మనం చదవబోయేది అయిదేళ్లలోపు పిల్లల మరణాల రేటు. కెన్యా 2022 డీహెచ్‌ఎస్ నివేదికలో పిల్లల మరణాల అధ్యాయం తెరవండి. పుట్టిన ప్రతి వెయ్యి మందిలో అయిదో పుట్టినరోజు చూడకుండా పోతున్నవాళ్లు 41 మంది. ఈ అంకె పక్కన మన దేశానిది కూడా రాసుకోండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో వెయ్యికి 42. ఆంధ్రప్రదేశ్‌లో 35, తెలంగాణలో 29. ఆఫ్రికా అనగానే మన మనసులో ఒక బొమ్మ ముందే తయారై ఉంటుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన చూశాక ఆ బొమ్మను కాసేపు పక్కన పెట్టడం మంచిది. పైగా రెండు సర్వేలూ ఒకే తీరువి. మన కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏ ప్రశ్నలు అడుగుతారో, దాదాపు అవే ప్రశ్నలు కెన్యాలోనూ అడుగుతారు.

ఈ 41 ఎక్కడినుంచి వచ్చింది? ఆసుపత్రి రిజిస్టర్లలోంచి కాదు. చాలా ఆఫ్రికా దేశాల్లో పసిపిల్లల మరణాలు పూర్తిగా రిజిస్టర్లకు ఎక్కవు. అందుకే సర్వే వాళ్లు ఇంటికెళ్లి తల్లినే అడుగుతారు. 2022లో కెన్యాలో అలా 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్న 32,156 మంది స్త్రీలతో మాట్లాడారు. నివేదిక చివర అనుబంధాల్లో ప్రశ్నావళి మొత్తం ఉంటుంది. అందులో సంతానం వివరాలు రాసుకునే పేజీ దాకా వెళ్లండి. నా మాట మీద నమ్మకంతో ఆ పేజీ ఒక్కటి ప్రింటు తీసుకోండి. ఒక్కో బిడ్డకు ఒక్కో వరస ఉంటుంది. పేరేమిటి, ఆడా మగా, ఏ నెలలో ఏ ఏడాది పుట్టింది, ఇప్పుడు బతికే ఉందా అని అడుగుతారు. లేదంటే, పోయేనాటికి వయసెంత అని అడుగుతారు. నెల నిండకపోతే రోజుల్లో, రెండేళ్లు నిండకపోతే నెలల్లో, ఆపైన ఏళ్లలో రాస్తారు.

ఆ ఆఖరి గడి దగ్గర కాసేపు ఆగుదాం. ‘ఏడాది పిల్లాడప్పుడు పోయాడు’ అంటుంది తల్లి. ఏడాదికి ముందా, తర్వాతా? పదకొండో నెలా, పద్నాలుగో నెలా? మన ఇళ్లలో పెద్దవాళ్లను అడిగినా ఇలాగే చెబుతారు. అందుకే సర్వే చేసేవాళ్లకు ముందే చెప్పి పంపుతారు, ‘ఏడాది’ అన్న జవాబు వస్తే అక్కడ ఆగొద్దు, ఎన్ని నెలలో మళ్లీ అడగండి అని. అలా అడిగినా సరిగ్గా పన్నెండు నెలల దగ్గర మరణాలు కుప్పపడతాయి. ఏడాది లోపల పోయినవాళ్లు కొందరు ఏడాది దాటినవాళ్ల లెక్కలోకి జారిపోతారు. శిశు మరణాల రేటు కాస్త తక్కువగా కనిపిస్తుంది. అయిదేళ్లలోపు రేటుకు మాత్రం దీనివల్ల తేడా రాదు, ఎందుకంటే రెండు పక్కలూ అందులోనే ఉంటాయి. రెండు దేశాలను పోల్చాల్సి వస్తే నేను అయిదేళ్లలోపు రేటునే ముందు చూసేది ఇందుకే.

ఈ పేజీకి అందని పిల్లలు కూడా ఉన్నారు. తల్లి చనిపోతే ఆమె పిల్లల గురించి చెప్పేవాళ్లు ఉండరు. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో, మందులు అందుబాటులోకి రాని రోజుల్లో, తల్లీ బిడ్డా ఇద్దరూ పోయిన ఇళ్లు ఈ లెక్కలోకి రాలేదు. కాబట్టి ఆ కాలపు అంకెలు అసలు కంటే తక్కువే అయి ఉంటాయని గుర్తుంచుకుని చదవండి.

ఇప్పుడు కలం తీయండి. 41ని మూడు ముక్కలు చేద్దాం. అదే అధ్యాయంలో మరో రెండు రేట్లు ఉంటాయి: మొదటి నెలలో పోయినవాళ్లు వెయ్యికి 21, మొదటి ఏడాదిలో పోయినవాళ్లు 32. అంటే మొదటి నెలలో 21, రెండో నెల నుంచి ఏడాది నిండేలోపు 11, ఆ తర్వాత అయిదేళ్ల దాకా 9. ఇలాగే 2003 సర్వేకీ చేయండి. అప్పటి రేట్లు 33, 77, 115. ముక్కలు చేస్తే 33, 44, 38.

రెండు వరసలూ ఒకదాని కింద ఒకటి రాయండి.

2003లో: 33, 44, 38.
2022లో: 21, 11, 9.

44 ఉన్నది 11కి, 38 ఉన్నది 9కి వచ్చాయి. దాదాపు నాలుగో వంతే మిగిలింది. మొదటి నెల మాత్రం 33 నుంచి 21 దాకానే దిగింది. 2014లో అది 22. ఎనిమిదేళ్లలో ఒక్క అంకె తగ్గింది, ఆ ఒక్కటీ సర్వే శాంపిల్ తేడాలో కలిసిపోయేంత చిన్నది. ఇదే ఎనిమిదేళ్లలో ఆసుపత్రిలో జరిగే కాన్పులు నూటికి 61 నుంచి 82కి పెరిగాయి. 2013లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పులు ఉచితం చేశారు, తల్లులు వచ్చారు కూడా. అయినా మొదటి నెల మరణాలు అంతగా కదలలేదు. దోమతెరలు, 2011లో వచ్చిన న్యుమోకాకల్ టీకా (న్యుమోనియాకి), 2014లో వచ్చిన రోటావైరస్ టీకా (విరేచనాలకి), ఇవన్నీ నెల దాటిన బిడ్డను కాపాడేవే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు, పుట్టగానే ఊపిరి అందని బిడ్డకు కావలసినవి వేరు: కాన్పు గదిలో చెయ్యి తిరిగిన నర్సు, వెచ్చదనం, ఆక్సిజన్. ఏది ఎంత పనిచేసిందో ఈ పట్టిక చెప్పదు, మనమూ చెప్పకూడదు. కానీ తర్వాత ఎక్కడ వెతకాలో చూపిస్తుంది. 41 దగ్గరే ఆగిపోయి ఉంటే ఇదేదీ కనిపించేది కాదు.

చూడగానే నమ్మబుద్ధేసే ఒక పొరపాటు గురించి చెప్పాలి, మొదట్లో నేనూ అదే చేశాను. ప్రపంచ బ్యాంకు సైట్‌లో ఒక అంకె, యూనిసెఫ్ సైట్‌లో అదే అంకె కనిపిస్తుంది. రెండు చోట్లా ఒకటే ఉంది కదా, ఇక ఖాయం అనుకుంటాం. నిజానికి రెండిటి వెనకా ఉన్నది ఒకే లెక్క. ఐక్యరాజ్య సమితి సంస్థలు కలిసి వేసే అంచనా అది. ఒక దేశంలో దొరికిన సర్వేలు, జనగణనలు అన్నీ కలిపి వాటి మీదుగా ఒక గీత గీస్తారు. కొత్త సర్వే వచ్చినప్పుడు గీత మారుతుంది, పాత ఏళ్ల అంకెలు కూడా మారతాయి. కాబట్టి ఏ నెలలో తీసుకున్నారో తేదీ రాసుకోకపోతే ఆ అంకెను మళ్లీ పట్టుకోలేరు. సర్వే అంకె అలా మారదు. అది ఆ సర్వేకి ముందు అయిదేళ్ల మాట, కౌంటీల వారీగా అయితే సాధారణంగా పదేళ్ల మాట.

ఇక నైరోబీకి వద్దాం. 1998 కెన్యా సర్వేలో అయిదేళ్లలోపు మరణాలు గ్రామాల్లో వెయ్యికి 113, నైరోబీలో 62. పట్నంలో పిల్లలు క్షేమం అన్నట్టే ఉంది. నైరోబీలోనే ఉన్న ఏపీహెచ్‌ఆర్‌సీ, అంటే ఆఫ్రికా జనాభా ఆరోగ్య పరిశోధన కేంద్రం, 2000లో ఆ నగరపు మురికివాడల్లోకి మాత్రమే వెళ్లి అవే ప్రశ్నలు అడిగింది. వచ్చిన జవాబు 151. ఆరేడుగురు పిల్లల్లో ఒకరన్న మాట. పల్లెకంటే కూడా ఎక్కువ. 62 అబద్ధం కాదు. కొళాయి ఉన్న ఇల్లూ, మురుగు కాలవ పక్కన రేకుల గదీ ఒకే సగటులో కలిసిపోయాయి, అంతే.

1995లో ఫెలోషిప్ కార్యక్రమంగా మొదలై 2001లో స్వతంత్ర సంస్థ అయిన ఈ కేంద్రం, ఆ తర్వాత కొరొగోచో, వివాందాని అనే రెండు వాడల్లో ఇంటింటినీ ఏటా మూడుసార్లు పలకరించే ఏర్పాటు చేసింది. నాలుగు నెలల కిందటి సంగతి తల్లికి రోజులతో సహా గుర్తుంటుంది, పన్నెండు నెలల దగ్గర కుప్ప పడే బాధ అక్కడ చాలావరకు తీరింది. వాళ్ల మైక్రోడేటా (సగటులు కాకుండా ఒక్కొక్కరి జవాబులున్న డేటా) పోర్టల్‌లో ఏ డేటా ఉందో ఎవరైనా చూడొచ్చు. కావాలంటే దేనికి వాడతారో రాసి అడగాలి.

ఒక జాగ్రత్త. డీహెచ్‌ఎస్ కార్యక్రమం 1984 నుంచి ప్రధానంగా అమెరికా ప్రభుత్వ డబ్బుతో నడిచింది. 2025లో ఆ డబ్బు ఆపేశారు. నలభై ఏళ్లుగా అమ్మలు చెప్పిన జవాబులు ఒకే ఒక్క దేశపు నిర్ణయం మీద ఆధారపడి ఉండటం నాకు చాలా బాధగా ఉంది. మీకు పనికొచ్చే నివేదికల పీడీఎఫ్‌లు ఇప్పుడే దించుకుని పెట్టుకోండి. కెన్యా జాతీయ గణాంక సంస్థ సైట్‌లోనూ 2022 నివేదిక ఉంటుంది.

వచ్చే పాఠానికి పని: ఘనా 2003, 2022 డీహెచ్‌ఎస్ నివేదికలు తీసుకుని, ఇవాళ చేసినట్టే మూడు ముక్కలు చేసి రెండు వరసలు రాయండి. పక్కనే, ఎంతమంది స్త్రీలను అడిగారో, ఏయే ఏళ్ల మరణాలు లెక్కలోకి వచ్చాయో కూడా రాయండి. ఆ రెండు వివరాలు లేని కాగితాన్ని సగం పనిగానే చూస్తాను. ఆ కాగితం దగ్గర పెట్టుకునే నైజీరియాకి వెళదాం. చివరి జనగణన 2006లో జరిగిన దేశంలో ‘తలసరి’ అన్న మాటకి కింద ఏ జనాభా పెడుతున్నారో చూద్దాం.