కంప్యూట్ ఫీల్డ్‌కి సుడో పెట్టేముందు ఇవి చూస్కోండి

ఓడూ అనే బిజినెస్ సాఫ్ట్‌వేర్‌లో కొత్త మాడ్యూల్ లైవ్‌కి వెళ్లేముందు మనలో చాలామంది అడ్మిన్ లాగిన్‌తోనే టెస్ట్ చేసేసి అంతా బానే ఉంది అనుకుంటాం, తీరా సేల్స్ యూజర్ ఫామ్ తెరవగానే యాక్సెస్ ఎర్రర్, ఇంక హడావిడిగా ఆ కంప్యూట్ ఫీల్డ్‌కి (కోడ్‌తో విలువ లెక్కేసే ఫీల్డ్‌కి) కంప్యూట్ సుడో ట్రూ, అంటే పర్మిషన్లు చూడకుండా లెక్కెయ్యమని, పెట్టేసి హమ్మయ్య అనుకుంటాం. అసలు తలనొప్పి అక్కడ మొదలవుతుంది.

సుడో పెట్టారంటే యాక్సెస్ రైట్స్ (ఏ మోడల్, అంటే ఏ రకం డేటా, ఎవరు తెరవొచ్చో), రికార్డ్ రూల్స్ (అందులో ఏ రికార్డులు ఎవరికి కనిపించాలో) రెండూ లేనట్టే. ఒకే డేటాబేస్‌లో రెండు కంపెనీలు ఉన్నాయనుకోండి, కస్టమర్ ఫామ్‌లో మొత్తం ఇన్వాయిస్‌ల టోటల్ చూపించే ఫీల్డ్ ఉంది, సుడోతో లెక్కేస్తే పక్క కంపెనీ బిల్లులు కూడా కలిసిపోతాయి. ఎర్రర్ రాదు, లాగ్‌లో ఏమీ పడదు, నంబర్ మాత్రం తప్పు. అందుకే కంపెనీ ఫిల్టర్ డొమైన్‌లో (రికార్డులు వెతికే షరతులో) మీరే చేత్తో రాయాలి.

స్టోర్ చేసే ఫీల్డ్, అంటే లెక్కేసిన విలువని డేటాబేస్‌లో దాచుకునే ఫీల్డ్, సంగతి వేరు. దాని విలువ డేటాబేస్‌లో ఒక్కటే, ఎవరు చూసినా అదే, కాబట్టి సుడో లేకపోతే ఆ రోజు ఎవరు సేవ్ కొట్టారో వాళ్ల రైట్స్‌ని బట్టి లెక్క మారిపోతుంది. అందుకే వెర్షన్ 13 నుంచి స్టోర్ ట్రూ అయితే సుడో దానంతటదే ట్రూ, స్టోర్ లేకపోతే ఫాల్స్. ఇక్కడే చాలామంది దొరికిపోతారు, ఏదో స్పీడ్ కోసం స్టోర్ తీసేస్తారు, దాంతోపాటు సుడో కూడా చెప్పాపెట్టకుండా పోతుంది. ఏది కావాలో కోడ్‌లో స్పష్టంగా రాసేయండి, డిఫాల్ట్‌ని నమ్ముకోవద్దు. ఒకే మెథడ్ రెండు ఫీల్డ్స్‌కి వాడితే రెండిటికీ సుడో ఒకేలా ఉండాలి, లేకపోతే లాగ్‌లో వార్నింగ్ వస్తుంది, అది చూసి వదిలెయ్యకండి.

రిలేటెడ్ ఫీల్డ్స్ (లింక్ ఉన్న వేరే రికార్డ్ నుంచి విలువ తెచ్చేవి) కూడా డిఫాల్ట్‌గా సుడోతోనే చదువుతాయి. జీతం, కొనుగోలు ధర లాంటివి రిలేటెడ్‌గా తెస్తే, అసలు మోడల్ తెరిచే హక్కే లేనివాళ్లకి కూడా కనిపించొచ్చు, అందుకే ఏ యూజర్లకి కనిపించాలో చెప్పే గ్రూప్స్ ఫీల్డ్ మీద పెట్టండి.

వెర్షన్ 12 నుంచి అప్‌గ్రేడ్ అయితే ఇంకోటి, అప్పట్లో సుడో అంటే యూజరే సూపర్‌యూజర్‌గా (ఏ చెకింగూ లేని యూజర్‌గా) మారిపోయేవాడు, 13 నుంచి యూజర్ అలాగే ఉంటాడు, చెకింగ్ మాత్రమే ఆగుతుంది. సుడో తర్వాత యూజర్‌ని చూసి నిర్ణయం తీసుకునే పాత కోడ్ ఉంటే వెతికి పట్టుకోండి.

టెస్టింగ్ ఓడూ షెల్‌లో (కమాండ్ లైన్‌లో) చేసి సంతోషపడకండి, అది సూపర్‌యూజర్‌గానే నడుస్తుంది. తక్కువ రైట్స్ ఉన్న యూజర్‌ని విత్ యూజర్ అనే మెథడ్‌తో పెట్టి ఫీల్డ్ చదివించండి, లేదా ఆ లాగిన్‌తోనే ఫామ్ తెరవండి.