సైకిళ్ల మీద అరకు ఎక్కి, సాలూరు ఘాట్ దిగడం ఎలా?

చలి మొదలయ్యేసరికి ఏటా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అన్నా, మంచి పని కోసం చందాలు పోగు చేస్తున్నాం. పదిహేను మందిమి సైకిళ్ల మీద అరకు వెళ్లొద్దామనుకుంటున్నాం. ఏం సైకిల్ కొనమంటావ్?" అని అడుగుతారు. అందరికీ కొనే సంగతే కావాలి. కొండ ఎలా దిగాలని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. ఎక్కడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఊపిరి అందకపోతే సైకిల్ దిగి తోసుకుంటూ నడుస్తాం. ఎముకలు విరిగేది దిగేటప్పుడే. అందుకే మిగతావన్నీ గబగబా చెప్పేసి ఆ ఒక్కదాని దగ్గర ఆగుతాను.

దారి, రోజులు

మొత్తం అయిదు రోజులు. తెల్లవారుజామున నాలుగున్నరకి విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మొదలవ్వాలి. మొదటి రోజు ఎస్.కోట (శృంగవరపుకోట), బొడ్డవర మీదుగా ఘాట్ ఎక్కి రాత్రికి టైడాలో గానీ అనంతగిరిలో గానీ పడక. రెండో రోజు గాలికొండ దాటి అరకు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంటుంది, కానీ గాలికొండ దగ్గర అంతకంటే పైకి ఎక్కి మళ్లీ కిందికి దిగుతాం. మ్యాపులో అరకు ఎత్తు ఒక్కటే చూసుకుని వచ్చినవాళ్లు ఇక్కడే నీరసపడతారు. మూడో రోజు పాడువా, నందపూర్ మీదుగా సెమిలిగూడ. అది ఒడిశా, కోరాపుట్ జిల్లా. నాలుగో రోజు పొట్టంగి, సుంకి దాటి ఘాట్ దిగి సాలూరు. అయిదో రోజు రామభద్రపురం, గజపతినగరం మీదుగా ఇంటికి.

కొందరు దీన్ని తిప్పి చేస్తారు. ముందు సాలూరు వైపు ఎక్కి, ఎస్.కోట వైపు దిగుతారు. తప్పు. సాలూరు ఘాట్‌లో లారీలు ఎక్కువని భయపడి అలా చేస్తారు. లారీ డ్రైవరు ఆ ఘాట్‌ని రోజూ చూసేవాడు, ఏ మలుపులో హారన్ కొట్టాలో వాడికి తెలుసు. మనం భయపడాల్సింది ఘాట్ రోడ్డు మొదటిసారి చూస్తున్న టూరిస్టు కారువాడికి. వాడు వ్యూ పాయింట్ కనిపించగానే నడిరోడ్డు మీద బ్రేకేస్తాడు. అలాంటివాళ్లు ఎస్.కోట వైపే ఎక్కువ. ఎక్కేటప్పుడు వాళ్ల పక్కన నెమ్మదిగా పోతాం కాబట్టి ఫర్వాలేదు.

ఇంకొందరు తెలివిగా కిరండూల్ ప్యాసింజర్‌లో సైకిళ్లు వేసుకుని అరకులో దిగి, అక్కణ్ణుంచి కిందికి జారుకుంటూ వస్తారు. మీరు కొండ ఎక్కుతారనే కదా జనం డబ్బులిచ్చింది! పైగా రెండు రోజులు ఎక్కితేనే మన సైకిల్ ఎక్కడ కిర్రుమంటుందో, బ్రేకు ఎంత నొక్కితే ఎంత పట్టుకుంటుందో తెలుస్తుంది. రైలు దిగి నేరుగా పల్లంలో పడితే ఏం తెలుస్తుంది?

అక్టోబరులో పెట్టుకోవద్దు. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ వచ్చింది 2018 అక్టోబరు 11న. అంతకంటే చెప్పక్కర్లేదు. నవంబరు చివరి నుంచి జనవరి దాకా మంచి కాలం. వలిసె పూలు పూసే రోజుల్లో శని, ఆదివారాలు అరకు రోడ్డు తీర్థంలా ఉంటుంది కాబట్టి సోమవారం బయల్దేరాలి. సెలవు దొరకనివాళ్లు ఈ ప్రయాణానికి పనికిరారు.

డబ్బు సంగతి

చందాలన్నీ బయల్దేరే ముందే చేతికి రావాలి. "వచ్చాక ఇస్తాను" అన్నవాళ్ల లెక్క రాసుకోకండి. అన్నం, డీజిలు, బస, టీషర్టులు అన్నీ మన జేబులోంచే. చందాలోంచి ఒక్క టీ తాగినా అది చందా కాదు, విహారయాత్ర. పన్ను మినహాయింపు రసీదు ఇవ్వాలంటే దానికి అనుమతి ఉన్న ట్రస్టు ద్వారానే తీసుకోవాలి. 2,000 రూపాయలు దాటిన నగదుకు ఆ మినహాయింపు వర్తించదు, అందుకని పెద్ద మొత్తాలు బ్యాంకు ద్వారానే వేయించండి.

ఏం ఇవ్వాలో ముందు అడగండి. ఒకసారి మేం ఓ కొండ హాస్టల్‌కి వందల నోటు పుస్తకాలు మోసుకెళ్లాం. వార్డెన్ గారు మర్యాదగా తీసుకుని బీరువా తెరిచారు. అందులో అంతకుముందు వచ్చినవాళ్లు ఇచ్చిన నోటు పుస్తకాలు పైదాకా ఉన్నాయి. "పిల్లలకి దుప్పట్లు లేవు బాబూ" అన్నారు. అప్పటి నుంచి నెల ముందే ఫోన్ చేసి అడుగుతున్నాం. దుప్పట్లు విజయనగరంలో హోల్‌సేల్‌గా కొని వ్యాన్‌లో పంపిస్తాం. పిల్లల చేత బ్యానర్ పట్టించి ఫోటో తీయడం మాత్రం మా గుంపులో లేదు.

మనుషులు, సామాను

పన్నెండు మంది చాలు. పదమూడోవాడు మీ బావమరిది అయినా సరే వద్దనండి. మా బావమరిది సంగతి కింద చెప్తాను.

గేర్లున్న ఏ సైకిలైనా పనికొస్తుంది. బ్రేకు రబ్బర్లు, బ్రేకు వైర్లు కొత్తవి వేయించండి. చక్రాలకి బెండు తీయించండి. మనిషికి రెండు ట్యూబులు, గుంపుకి రెండు పంపులు, అందరికీ హెల్మెట్, వెనక ఎర్ర లైటు, చేతి గ్లవ్స్. వెనక ఒక బొలెరో గానీ టాటా ఏస్ గానీ ఉండాలి. సాధన కోసం రెండు ఆదివారాలు తాటిపూడి రిజర్వాయరు దాకా వెళ్లి రండి. మూడో ఆదివారం ఎస్.కోట ఘాట్‌లో మొదటి నాలుగు మలుపులు ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి, దిగండి. ఈ మూడోది ఎగ్గొట్టినవాణ్ణి నేను తీసుకెళ్లను.

దారిలోని పోలీస్ స్టేషన్లలో పేర్లు, ఫోన్ నంబర్లు రాసిన కాగితం ఇచ్చి వెళ్లండి. చెక్‌పోస్టుల దగ్గర గంజాయి కోసం సంచులు విప్పి చూస్తారు. సైకిల్ వాళ్లం, సేవ చేస్తున్నాం అని వాదనకి దిగకండి. విప్పి చూపించి ముందుకెళ్లండి.

ఎక్కడం

దీనికి నాలుగు మాటలు చాలు. చిన్న గేరు, పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మది, అరగంటకోసారి నీళ్లు, ఆకలి వేయకముందే తిండి. పొద్దున్న చోడంబలి (రాగి అంబలి) తాగితే పదిగంటల దాకా చూసుకోనక్కర్లేదు. పట్నం నుంచి వచ్చే కుర్రాళ్లు రంగురంగుల పొట్లాల్లో జెల్లీలు తెచ్చుకుంటారు. వాటి బదులు బెల్లం, వేరుసెనగ గుళ్లు పెట్టుకోండి. మొదటి రోజు బొడ్డవర టీ కొట్లో ఓ ముసలమ్మ మా సైకిళ్లు చూసి, "ఏటి బాబూ, బస్సు కాయిలా పడిపోనాదా?" అంది. పడిపోలేదని చెప్పి టీ తాగి ఎక్కేశాం. వాళ్లకి వేరే జవాబు ఏం చెప్తాం?

దిగడం: ఇక్కడి నుంచి మెల్లగా చదవండి

నాలుగో రోజు పొద్దున్న సుంకి దగ్గర మంచు పూర్తిగా విడిచేదాకా ఎవరూ కదలకూడదు. ఎనిమిది అయినా సరే, తొమ్మిదయినా సరే. ఆ ఖాళీలో ఒకే మనిషి పన్నెండు సైకిళ్లూ చూడాలి. ఎవరి సైకిల్ వాళ్లు చూసుకుంటే అందరిదీ బాగానే ఉందంటారు. బ్రేకు పిడి గట్టిగా నొక్కితే హ్యాండిల్‌కి తగులుతోందంటే వైరు బిగించాలి. రబ్బరు రిమ్ముకే ఆనాలి. టైరుకి రాసుకుంటే టైరుని కోసేస్తుంది. క్యారియర్ మీద సంచి తాళ్లు వేలాడకూడదు, చక్రంలో చుట్టుకుంటాయి.

ఇప్పుడు అందరూ చేసే తప్పు. పల్లం మొదలవగానే భయంతో బ్రేకు సగం నొక్కి, కింద ఊరు వచ్చేదాకా అలాగే పట్టుకుంటారు. నెమ్మదిగా పోతున్నాం కదా, జాగ్రత్తగానే ఉన్నాం అనుకుంటారు. రబ్బరు ఆపకుండా రాసుకుంటుంటే రిమ్ము కాలిపోతుంది. ఆ వేడి ట్యూబుకి పాకుతుంది, లోపలి గాలి ఉబ్బుతుంది. మా బావమరిది మనిషి భారీ, సంచి ఇంకా భారీ. పి.కోనవలస వైపు దిగుతుంటే ముందు ట్యూబు తుపాకీ పేలినట్టు పేలింది. లోయ వైపు కాకుండా కొండ వైపు పడ్డాడు కాబట్టి కాలర్ బోన్‌తో పోయింది. ఇప్పటికీ తప్పు ట్యూబుదే అంటాడు.

సరైన పద్ధతి ఇది. సైకిల్‌ని కొద్దిసేపు వదలండి. వేగం పెరుగుతోంది అనిపించగానే రెండు బ్రేకులూ కలిపి గట్టిగా రెండు మూడు సెకన్లు నొక్కండి. మళ్లీ పూర్తిగా వదిలేయండి. వదిలినప్పుడు రిమ్ముకి గాలి తగిలి చల్లబడుతుంది. నొక్కడం, వదలడం, నొక్కడం, వదలడం. ముందు బ్రేకు పడితే బోర్లా పడతామని చిన్నప్పుడు మనందరికీ భయం పెట్టారు. నిజానికి ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. ఉత్త వెనక బ్రేకు నొక్కితే చక్రం ఆగిపోయి పక్కకి జారుతుంది. నొక్కేటప్పుడు సీటు మీద వెనక్కి జరిగి, చేతులతో హ్యాండిల్‌ని ముందుకి తన్ని పట్టుకోండి. అప్పుడు బోర్లా పడరు.

మలుపులో బ్రేకు వేయకూడదు. మలుపుకి ముందే వేగం తగ్గించేయాలి. లోపలికి వెళ్లాక బ్రేకు నొక్కితే వంగిన సైకిల్ జారిపోతుంది. మలుపు బయటి వైపు పెడల్ కిందికి, ఆ కాలి మీద బరువు. కళ్లు చక్రం ముందున్న గుంట మీద కాదు, మలుపు అవతల రోడ్డు ఎక్కడ తేలుతుందో అక్కడ ఉండాలి. దేన్ని చూస్తే సైకిల్ అక్కడికే పోతుంది. అందుకే లోయని చూడొద్దంటాను. కుడి మలుపుల్లో దారి కలిసొస్తుందని రోడ్డు మధ్యకి రావద్దు. ఎదురుగా ఎక్కే లారీ ముందు భాగం దాటిపోయిందని ఊరుకోకూడదు, దాని వెనక భాగం మలుపు లోపలికి కోసుకుంటూ వస్తుంది. ఎడమ అంచున వానకి కొట్టుకొచ్చిన ఇసుక, అక్కడక్కడ లారీల నుంచి కారిన డీజిలు ఉంటాయి. నల్లగా మెరుస్తోందంటే నీడ అనుకోకుండా డీజిలే అనుకోండి. చెట్ల నీడ, ఎండ మారి మారి పడేచోట నల్ల కళ్లద్దాలు తీసేయాలి.

వేగం 25 కిలోమీటర్లు దాటకూడదు. ఇది నా నియమం, నా గుంపులో ఇదే చట్టం. వేగం రెట్టింపయితే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది. 20లో వెళ్లేవాడు ఆవు దగ్గర ఆగుతాడు, 40లో వెళ్లేవాడు ఆవులో ఆగుతాడు.

గుంపుగా దిగొద్దు. ఒకరు బయల్దేరాక అర నిమిషం లెక్కపెట్టి రెండోవాణ్ణి వదలాలి. అందరికంటే నిదానస్తుణ్ణి ముందు పెట్టండి, అతన్ని దాటి ఎవరూ వెళ్లకూడదు. అందరికంటే అనుభవం ఉన్నవాడు చివర, అతని వెనక వ్యాన్. చాలామంది దీన్ని తిరగేసి హుషారైనవాణ్ణి ముందు పెడతారు. మిగతావాళ్లు వాణ్ణి అందుకోవాలని చూస్తారు. పందెం ఎవరూ పెట్టరు, అదే మొదలైపోతుంది.

ప్రతి మూడు కిలోమీటర్లకి ఒకసారి ఆగాలి. మలుపులో కాదు, రోడ్డు వెడల్పుగా ఉన్నచోట, తారు దిగి మట్టి మీదికి వచ్చి ఆగాలి. తలలు లెక్కపెట్టండి. రిమ్ముని గానీ డిస్కుని గానీ వేలితో ముట్టుకోవద్దు, కాలి బొబ్బ లేస్తుంది. చల్లారాలని దాని మీద నీళ్లు పోయొద్దు. పది నిమిషాలు ఊరికే ఉంటే అదే చల్లారుతుంది. చలికి వేళ్లు కొయ్యబారితే బ్రేకు ఎంత నొక్కుతున్నామో తెలియదు. వేళ్లు వెచ్చబడేదాకా కదలొద్దు. చెవుల్లో పాటలు పెట్టుకున్నవాడి ఫోన్ వ్యాన్‌లోకి పోతుంది. కోతులకి ఏదీ పెట్టొద్దు. వాటికి పెడితే రోడ్డు మీదికి వస్తాయి, మన వెనకాల వచ్చేవాడు పడతాడు.

చినుకు పడిందా, సైకిళ్లన్నీ వ్యాన్ ఎక్కాలి. తడిసిన రిమ్ము మీద రబ్బరు వెంటనే పట్టదు. నీళ్లు తుడుచుకుపోయేదాకా చక్రం తిరుగుతూనే ఉంటుంది. "దాతలకి మాటిచ్చాం, కిందిదాకా తొక్కాల్సిందే" అని ప్రతిసారీ ఒకడు పౌరుషానికి పోతాడు. దాతలు ఇచ్చింది దుప్పట్ల కోసం, వాడి మోకాళ్ల కోసం కాదు.

ఎవరైనా పడితే ముందు పడ్డవాడి దగ్గరికి కాదు, ఒకడు పైమలుపుకి, ఒకడు కిందిమలుపుకి పరిగెత్తాలి. రోడ్డు మీద చెట్టు కొమ్మలు వేసి వాహనాలు ఆపాలి. ఆ తర్వాతే పడ్డవాణ్ణి చూడాలి. మెడ, నడుము నొప్పి అంటే కదిలించకుండా 108కి ఫోన్ చేయండి. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అందుకే సిగ్నల్ ఉన్నచోటికి వ్యాన్‌ని పరిగెత్తించే బాధ్యత ఎవరిదో పొద్దున్నే అనుకోవాలి.

సాలూరు నుంచి ఇల్లు

సాలూరు లారీల ఊరు. ఏది విరిగినా వెల్డింగ్ చేసేవాళ్లు దొరుకుతారు. ఆ రాత్రి సైకిళ్లు చూపించుకోండి. అయిదో రోజు పెద్ద కష్టం లేదు, ఎండ ఒక్కటే. పదకొండులోపు గజపతినగరం దాటేయండి.

వచ్చిన వారంలోపు వచ్చిందెంత, దుప్పట్లు ఎన్ని, మిగిలిందెంత అని బిల్లుల ఫోటోలతో సహా డబ్బిచ్చిన ప్రతివాళ్లకీ పంపాలి. ఇంకొకటి. ఏజెన్సీలో రాత్రుళ్లు దోమతెర వాడినా సరే, తిరిగొచ్చిన నెల రోజుల్లోపు చలిజ్వరం వస్తే మాత్రలు మింగి పడుకోవద్దు. ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పి, అదే రోజు మలేరియా రక్తపరీక్ష చేయించుకోండి.